పాత పిల్లి, కొత్త కూన: మెట్ట నెల్లూరు ఇళ్ళలో ఒక పొత్తు

ఇంట్లో ఏళ్ళ తరబడి తిరిగిన పిల్లి ముందు కొత్త కూనను దింపితే మొదట వినపడేది బుస. ఆ వెంటనే వీపు వంగుతుంది, వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, తోక రెట్టింపు లావవుతుంది. కొన్ని పిల్లులు పంజా విసురుతాయి. కొన్ని పోట్లాటకు రావు గానీ అటకెక్కి కూటికి కూడా దిగవు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్ళలో, ఈ తగవు గాదె అంత పాతది. గింజ ఇంట్లో ఉన్నంత కాలం పిల్లి ఇంట్లో ఉండాలి. ఉన్న పిల్లి ముసలిదయ్యే లోపు దాని చోటు అందుకునే కూన రావాలి. ఆ రెండింటినీ ఒక కప్పు కింద కుదర్చడంలో మనుషుల నేర్పు కంటే ఇంటి కట్టడమే ఎక్కువ పని చేసింది.

వెలిగొండల పక్కనున్న ఉదయగిరి వైపు నేల వాన మీద ఆధారపడ్డ మెట్ట. సజ్జ, జొన్న, వరిగ, ఆరిక అక్కడి పంటలు. ఆత్మకూరు వైపు పెన్న దగ్గర, చెరువుల కింద వరి పండేది. ఏ పంటైనా, నూర్చిన గింజ మళ్ళీ పంట చేతికొచ్చేదాకా ఇంట్లోనే ఉండాలి. గాదెల్లో పోసేవారు, బానల్లో నింపేవారు, నేల తవ్వి పాతర వేసేవారు. మూత మీద మట్టి మెత్తిన పాతరలోకి ఎలుక దూరడం కష్టం. ఇంటి మూలనున్న వెదురు గాదెకు ఆ కాపుదల లేదు. పైగా ఎలుక తినేది కొంతే, కొరికి, పెంటికలు వేసి పాడుచేసేది ఎక్కువ. దూలానికి కట్టిన విత్తనపు కంకులను అది ఒక్క రాత్రి కొరికితే వచ్చే ఏటి సేద్యానికే దెబ్బ.

పొలంలో ఎలుకలు పట్టే పని యానాది తెగవాళ్ళది. గడ్డి కూరిన కుండలో నిప్పు వేసి, దాన్ని బొరియ మూతికి ఆనించి పొగ లోపలికి ఊది, ఉక్కిరిబిక్కిరైన ఎలుకలను పట్టేవారు. బొరియలో దొరికిన గింజలు కూడా వాళ్ళకే. 1909లో వెలువడిన దక్షిణ భారత కులాల, తెగల సంపుటాల్లో ఎడ్గర్ థర్‌స్టన్ ఈ పద్ధతిని నమోదు చేశాడు. అంత నేర్పున్న మనుషులకు ఊరి కొలువులో దక్కిన చోటు మాత్రం చాలా చిన్నది. గడప లోపల అదే పని పిల్లిది.

ఆ పనికి పిల్లి ఎక్కడినుంచి వచ్చిందన్నది ఇప్పుడు చాలావరకు తేలింది. ప్రపంచంలోని ఇంటి పిల్లులన్నీ ఆఫ్రికా, పశ్చిమాసియా అడవి పిల్లి సంతతేనని 2007లో వెలువడిన జన్యు పరిశోధన చూపింది. సైప్రస్ దీవిలో సుమారు 9,500 ఏళ్ళ కిందటి ఒక సమాధిలో మనిషి పక్కనే పిల్లి ఎముకలు దొరికాయి. పంట గింజను నిలవ చేయడం, గింజ కోసం ఎలుక రావడం, ఎలుక కోసం పిల్లి రావడం వరుసగా జరిగాయి. మన ఉపఖండంలో సింధు నాగరికత ఊరు చన్హుదారోలో 1935–36 తవ్వకాల్లో బయటపడ్డ ఒక ఇటుక మీద పిల్లి అడుగులు, దాని వెంట కుక్క అడుగులు ఉన్నాయి. ఆరబెట్టిన పచ్చి ఇటుక మీదుగా అవి పరిగెత్తిన క్షణం అలాగే నిలిచిపోయింది.

అయితే ఇంటి పిల్లి పూర్వీకురాలు ఒంటరిగా తిరిగే జంతువు. గొర్రెకు మంద ఉంది, కుక్కకు గుంపు ఉంది. ఆడపిల్లికి ఉన్న బంధువర్గమల్లా తన కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు. తిండి పుష్కలంగా ఉన్న చోట అవి ఒకదాని కూనలకు ఇంకొకటి పాలిస్తాయి, కలిసి కాపలా కాస్తాయి. బయటినుంచి వచ్చిన పిల్లిని మాత్రం తరిమేస్తాయి. తనదేదో పరాయిదేదో అవి ముఖ్యంగా వాసనతో పోల్చుకుంటాయి. పిల్లి గుంజకూ గడపకూ చెంప రుద్దేది తన వాసన అంటించడానికే. కొత్త కూన ఆ లెక్కలో లేని వాసనతో వస్తుంది. గొర్రెల కాపరులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. తల్లి చచ్చిన పిల్లను పక్క గొర్రె వాసన చూసి కుమ్మేస్తుంది. గొర్రెను కదలకుండా పట్టుకుని పూట పూటకూ పాలు తాపితే గానీ ఆ పిల్లను దగ్గరికి రానివ్వదు.

గింజకూ పిల్లికీ ఉన్న ముడి ఈ ప్రాంతపు చరిత్రలోనూ కథల్లోనూ కనిపిస్తుంది. ఉదయగిరి కోటను శ్రీకృష్ణదేవరాయలు దాదాపు ఏడాదిన్నర ముట్టడి తర్వాత 1514లో గజపతుల నుంచి గెలుచుకున్నాడు. అంతకాలం ముట్టడిని తట్టుకున్న కోటను నిలబెట్టినవి కొండ ఎత్తు, నీటి గుంటలు, లోపల దాచిన ధాన్యం. తెలుగువాళ్ళకు బాగా తెలిసిన పిల్లి కథ కూడా ఆ రాయల పేరు మీదే నడుస్తోంది. ఎలుకల బాధ పోవడానికి రాజు ఇంటింటికీ ఒక పిల్లిని, దాని పాలకు ఒక ఆవును ఇచ్చాడనీ, తెనాలి రామకృష్ణుడు కాగే పాలు పెట్టి తన పిల్లికి పాలంటే భయం పుట్టించాడనీ ఆ కథ. అది చరిత్ర కాదు. కానీ ధాన్యం, ఎలుక, పాడి, పిల్లి ఒకే లెక్కలోవని జనం ఎలా అనుకున్నారో అందులో కనిపిస్తుంది.

ఈ ప్రాంతంలో పిల్లికి ఇంకో ఆదరణ కూడా ఉంది. ఉదయగిరిలో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆత్మకూరు దగ్గరి అనుమసముద్రంపేటలో ఖాజా రహ్మతుల్లా నాయబ్ రసూల్ దర్గా ఉంది. ఇస్లాం ఆచారంలో పిల్లి మూతి పెట్టిన నీళ్ళు మైల కాదు. ప్రవక్త సహచరుల్లో ఒకరికి అబూ హురైరా అన్న పేరే పిల్లికూన వల్ల వచ్చింది. హిందువుల ఇళ్ళలో పిల్లి ఎదురు రావడం అపశకునమే అయినా, దాన్ని చంపడం మహాపాపం. ఆ పాపం పోవాలంటే బంగారు పిల్లిని చేయించి దానమివ్వాలన్న మాట తెలుగునాట అందరికీ తెలిసిందే. ఎవరి నమ్మకం ఏదైనా ఫలితం ఒకటే. పుట్టిన కూనలను చంపరు కాబట్టి అవి ఇల్లిల్లూ చేరేవి.

చేర్చే పని సగం తల్లి పిల్లే చేసేది. కూనలను ఏడిళ్ళు తిప్పుతుందన్న నానుడి ఊరికే పుట్టలేదు. అలికిడి అయినప్పుడల్లా, చోటు నచ్చనప్పుడల్లా తల్లి పిల్లి వాటిని ఒక్కొక్కటిగా మెడ వెనక తోలు పట్టి మోసుకుపోతుంది. కూన ఒళ్ళు వదిలేసి ముడుచుకుని వేలాడుతుంది. శ్రీవైష్ణవులు భక్తుడి శరణాగతికి మార్జాల కిశోర న్యాయమని పేరు పెట్టింది ఈ దృశ్యాన్ని చూసే. అలా ఒక ఇంటి గడ్డివాములో పుట్టిన కూన ఇంకో ఇంటి వసారాలో కళ్ళు తెరిచి, మరో ఇంటి వంటింట్లో పాలకు అలవాటు పడేది. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇలా వచ్చిన కూన చాలాసార్లు ఆ ఇంటి పాత పిల్లికి మనవరాలో, చెల్లెలి కూతురో అయి ఉండేది.

అలా కాక పక్క ఊరినుంచి గోనెసంచిలో వచ్చిన కూనకు పాత ఇంట్లో చాటు దొరికేది. కోడిపిల్లలను, మేకపిల్లలను మూసే గంప ఉంది. దాని కింద ఉన్న కూనను వెదురు సందుల్లోంచి పాత పిల్లి చూస్తుంది, వాసన పడుతుంది, బుసకొట్టి పోతుంది. మళ్ళీ వస్తుంది. పంజా లోపలికి దూరదు. గంప ఎత్తాక కూడా ఇల్లు రెండింటికీ సరిపోయేది. అటక, గాదె వెనక సందు, వసారా, దొడ్డి, గడ్డివాము, పూరిల్లయితే కప్పు మీది వాసాలు. పెద్దది కప్పెక్కితే చిన్నది పొయ్యి వెచ్చన బూడిదలో పడుకునేది. పాలూ పెరుగూ ఉట్టి మీద ఉండేవి. పిల్లి శాపాలకు ఉట్లు తెగవు కాబట్టి గిన్నె దగ్గర కొట్లాట కూడా తక్కువే. ఇంటి తిండి అరకొర, అసలు తిండి ఎలుక. పగలు ఇంట్లో ముఖం చూసుకోని రెండు పిల్లులు రాత్రి వేర్వేరు దారుల్లో వేటకు పోయేవి. వాటిని స్నేహితులను చేయాలని ఎవరూ పూనుకోలేదు. దూరంగా ఉండే వీలు ఉండడమే చాలింది.

ఆ వీలు లేకపోతే ఏమవుతుందో చెప్పే రాత ఒకటి నెల్లూరుతో ముడిపడి ఉంది. థామస్ జెర్డన్ కుంపిణీ వైద్యుడు. నెల్లూరులో పనిచేస్తూ భారతదేశపు పక్షుల మీద పుస్తకం వెలువరించాడు. వెలిగొండలకు అవతల, పెన్న లోయలో కనిపించే కలివికోడికి ఆంగ్లంలో ఉన్నది ఆయన పేరే. 1867 నాటి తన క్షీరదాల గ్రంథంలో ఆయన నామాల పిల్లి గురించి రాశాడు. తుప్పు రంగు చుక్కలుండే, ఇంటి పిల్లి కంటే చిన్నదైన అడవి పిల్లి అది. ఎండిన చెరువుల గడ్డిలో, ఊళ్ళ దగ్గరి పొదల్లో ఉంటుంది. 1846లో ఆయన దగ్గరికి పసి కూన ఒకటి వచ్చింది. అది పూర్తిగా మచ్చికై, చూసినవారందరికీ ముద్దొచ్చేది. ఎనిమిది నెలల వయసులో ఉండగా ఒక జింకపిల్ల ఉన్న గదిలోకి ఆయన దాన్ని తీసుకెళ్ళాడు. చూసిన మరుక్షణం ఆ చిన్న పిల్లి ఎగిరి జింకపిల్ల మెడ వెనక పట్టింది. విడిపించడం కష్టమైంది. అది అడవి జాతి పిల్లి, ఎదుట ఉన్నది అది వేటాడే రకం జంతువు, కనుక ఇంటి పిల్లికి దీన్ని అచ్చంగా అన్వయించకూడదు. అయినా కొత్త ప్రాణిని ఒక్కసారిగా ఎదుట పెట్టడంలో ఉన్న పొరపాటు ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది.

1896లో బొంబాయిలో మొదలైన ప్లేగు దేశమంతా పాకినప్పుడు పిల్లికి సర్కారు వైద్యుల నోట కూడా మంచి పేరు వచ్చింది. ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన బుకానన్, పిల్లులు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో ప్లేగు తక్కువని గమనించి, పిల్లులను పెంచమని 1908లో వాదించాడు. పల్లె ఇల్లాళ్ళకు ఎలుకల లెక్క అంతకుముందే తెలుసు.

గాదె, అటక, పిల్లి కలిసిన ఆ పాత ఇంటి ఏర్పాటు చెదిరింది ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో. పెన్న మీద 78 టీఎంసీల సోమశిల జలాశయం 1989 నాటికి పూర్తయి, దాని నీళ్ళందిన చోట వరి పెరిగింది. వడ్లు కల్లంలోంచి నేరుగా మిల్లుకు పోవడం మొదలైంది. గాదె పోయి బియ్యం మూటలొచ్చాయి, మిద్దెలూ పూరిళ్ళూ పోయి సిమెంటు స్లాబులొచ్చాయి. ఎలుకకు జింక్ ఫాస్ఫైడ్ పెట్టారు. మందు తిన్న ఎలుకను తిని పిల్లులూ చచ్చాయి. పిల్లి పనిమనిషి స్థానంలోంచి ముద్దుబిడ్డ స్థానంలోకి వచ్చింది. నెల్లూరులోనో హైదరాబాదులోనో రెండు గదుల ఇంట్లో తలుపులు మూసి పెంచుతున్న పిల్లికి అటక లేదు, వాము లేదు, ఎక్కడానికి కప్పు లేదు. దాని పక్కకు ఇంకో కూనను తెచ్చినప్పుడు పాత ఇల్లు తనంతట తాను చేసిన పనినంతా ఇప్పుడు మనుషులు చేతులతో చేయాలి.

పశువైద్యులు చెప్పే పద్ధతి గంప పద్ధతికి దగ్గరి చుట్టమే. కూనను ముందు డాక్టరుకు చూపించి టీకాలు వేయించి, వేరే గదిలో ఉంచుతారు. పాత పిల్లి తిరిగే చోట్లు, పడుకునే చోట్లు ఏవీ దానికి దక్కకుండా చేయకూడదు. కూన పడుకున్న గుడ్డను పాత పిల్లి దగ్గర, పాత పిల్లి గుడ్డను కూన దగ్గర వేస్తారు. బుసకొట్టకుండా వాసన చూసి పక్కకు తిరిగితే ఒక అడుగు పడ్డట్టు. తర్వాత మూసిన తలుపుకు అటు ఒక గిన్నె, ఇటు ఒక గిన్నె పెట్టి మేపుతారు. మొదటి రోజు తలుపుకు దూరంగా, రోజు రోజుకూ కాస్త దగ్గరగా. ఆ పైన తలుపు ఓరగా తెరుస్తారు, లేదా జాలీ అడ్డం పెడతారు. అడ్డు తీసేది అప్పుడే, అదీ మనుషులు దగ్గరుండగా, కొద్దిసేపు.

గిన్నెలు, నీళ్ళు, మలవిసర్జనకు ఇసుక తట్టలు ఉమ్మడిగా పెట్టకూడదు. తట్టలు పిల్లుల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ ఉండాలి. పెద్దది ఎక్కి కూర్చోవడానికి బీరువా పైనో, గోడ పలక మీదో చోటివ్వాలి. పాత అటకకు అది మారు. రెండు నుంచి ఏడు వారాల వయసులో మనుషులనూ తోటి పిల్లులనూ చూసిన కూన తొందరగా కలుస్తుంది గానీ, ఎనిమిది వారాలు నిండకముందే తల్లి నుంచి విడదీయడం మంచిది కాదు. కీళ్ళ నొప్పులున్న పదేళ్ళ పిల్లి మీద అల్లరి కూన రోజంతా ఎగిరి దూకితే అది చిరాకు పడడం సహజం. అందుకే ముందు కూనను తాడుతో, బంతితో అలిసేలా ఆడించి ఆ తర్వాతే వదలాలి. చప్పుడు చేసి, నీళ్ళు చల్లి పాత పిల్లిని శిక్షిస్తే ఆ భయం కూడా కూన ఖాతాలోనే పడుతుంది.

దీనికి వారం పట్టవచ్చు, రెండు మూడు నెలలు కూడా పట్టవచ్చు. కొన్ని ముసలి పిల్లులు కూనను నాకి శుభ్రం చేసి పక్కలో పడుకోబెట్టుకుంటాయి. చాలా పిల్లులు అంత దూరం పోవు. ఒకటి బీరువా మీద, ఒకటి మంచం కింద, ఒకే గదిలో రెండూ కళ్ళు మూసుకుని నిద్రపోయాయంటే అవి కుదిరినట్టే.