ఖతీఫ్ ఎండ, మన ఒళ్లు: ఆరోగ్య పరిశోధన కార్మికుడికి ఎలా పనికొస్తుంది?

వలస కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధన, శిక్షణ అనగానే అది డాక్టర్ల సంగతి, మనకెందుకులే అనుకుంటాం. కానీ మధ్యాహ్నం ఎన్ని గంటలకు పని ఆపాలి, మనిషి చనిపోతే సర్టిఫికెట్‌లో ఏం రాస్తారు, ఇంటోళ్లకు ఇన్సూరెన్స్ డబ్బు వస్తుందా రాదా అనేవి చాలావరకు దాని మీదే ఆధారపడి ఉన్నాయి. సౌదీ తూర్పు ప్రాంతంలో, అంటే ఖతీఫ్, దమ్మామ్, జుబైల్ వైపు పనిచేసేవాళ్లు, ఊళ్లో ఉన్న వాళ్ల కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు ఇక్కడ ఇస్తున్నాం.

మన రక్తం ఎందుకు తీస్తారు?

ఖతీఫ్‌కు వైద్య పరిశోధన కొత్త కాదు. ఇక్కడి ఖర్జూర తోటల ఊళ్ల ప్రజల్లో సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఎక్కువ. 1960ల నుంచే పరిశోధకులు వాళ్ల రక్తం పరీక్షించి లెక్క తీశారు. మన దేశంలో గిరిజనుల్లో కనిపించే రకమూ, ఇక్కడిదీ ఒకటేనని తర్వాత తేలింది. ఆ లెక్కలు ఉన్నాయి కాబట్టే 2004 నుంచి సౌదీ పౌరులకు పెళ్లికి ముందు రక్త పరీక్ష తప్పనిసరి అయ్యింది.

మన రక్తం కూడా తీస్తారు. హైదరాబాద్‌లోనో ముంబైలోనో వాఫిద్ మెడికల్ (ఇంతకుముందు గామ్కా అనేవాళ్లు), ఇక్కడ దిగాక ఇఖామా కోసం మళ్లీ మెడికల్. టీబీ, హెచ్‌ఐవీ, హెపటైటిస్ ఉన్నాయా అని చూస్తారు. మనం పనికి ఫిట్టా, అన్‌ఫిట్టా అని తేల్చడానికి ఆ పరీక్ష. ఐదేళ్లు ఎండలో పనిచేశాక ఆ పని మన కిడ్నీని, గుండెను ఏం చేసిందో చూసే పరీక్ష మాత్రం చాలామందికి జరగదు. లెక్క లేని చోట రూల్ కూడా రాదు.

లెక్క తీస్తే ఏం మారుతుంది?

పక్క దేశం ఖతార్‌ను చూడండి. 2009 నుంచి 2017 వరకు అక్కడ చనిపోయిన 1,300 మందికి పైగా నేపాలీ కార్మికుల వివరాలను వాతావరణ శాస్త్రవేత్తలు, గుండె డాక్టర్లు కలిసి పరిశీలించారు. వేడి పెరిగిన నెలల్లో గుండె జబ్బు చావులు పెరిగాయని తేలింది. గుండె జబ్బుతో పోయిన 571 మందిలో 200 మంది దాకా, ఎండ నుంచి సరైన రక్షణ ఉంటే బతికేవాళ్లని 2019లో రాశారు. అదే ఏడాది అంతర్జాతీయ కార్మిక సంస్థ గ్రీస్ పరిశోధకులతో అక్కడి కార్మికులను పని దగ్గరే పరీక్ష చేయించింది. 2021లో ఖతార్ రూల్ మార్చింది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు పొద్దున 10 గంటల నుంచి మధ్యాహ్నం 3:30 వరకు బయట పని బంద్. వేడిని, గాలిలో తేమను కలిపి కొలిచే డబ్ల్యూబీజీటీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి.

సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా నేరుగా ఎండలో పని చేయించకూడదు. ఇది గడియారం చూసి పెట్టిన రూల్. ఖతీఫ్ సముద్రం ఒడ్డున ఉంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. పొద్దున 10 గంటలకైనా, సాయంత్రం 4 గంటలకైనా ప్రమాదం ఉంటుంది.

కిడ్నీ సంగతి

నీళ్లు చాలక, ఎండలో రోజూ ఒళ్లు వంచి పనిచేస్తే కిడ్నీలు దెబ్బతింటాయి. మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీల మీద చేసిన పరిశోధనల్లో ఇది బయటపడింది. అక్కడ నీళ్లు, విరామం, నీడ అనే మూడు మాటలతో పని పద్ధతి మార్చారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఏమిటన్న పరిశోధన ఇంకా నడుస్తోంది. పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి. ఆ వైపు నుంచి గల్ఫ్‌కు వచ్చేవాళ్లు ముందే క్రియాటినిన్ పరీక్ష చేయించుకుంటే మంచిది. ఒళ్లు నొప్పులకు రోజూ నొప్పి మాత్రలు మింగే అలవాటు కిడ్నీకి ఇంకా చేటు.

"సహజ మరణం" అని రాస్తే

గల్ఫ్ దేశాల్లో చనిపోయే వలస కార్మికుల్లో సగం మందికి పైగా చావులకు అసలు కారణం తెలియడం లేదని వైటల్ సైన్స్ అనే సంస్థల కూటమి 2022లో చెప్పింది. సర్టిఫికెట్‌లో "సహజ మరణం" అనో, "గుండె ఆగింది" అనో రాసి ఊరుకుంటారు. ఎవరు చనిపోయినా చివరికి గుండె ఆగుతుంది. ఎందుకు ఆగింది అన్నదే ప్రశ్న.

దీనివల్ల ఇంటోళ్లకు పడే దెబ్బ చిన్నది కాదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల రూపాయలు ప్రమాదంలో చనిపోతేనే, లేదా శాశ్వత వైకల్యం వస్తేనే. సౌదీలో యజమాని మన పేరు మీద గోసీకి కట్టే 2 శాతం కూడా పని వల్ల వచ్చిన గాయం, జబ్బు, చావులకే. ఎండ వల్ల, పని వల్ల అన్న మాట కాగితం మీద లేకపోతే రెండు తలుపులూ మూసుకుపోతాయి.

శిక్షణ ఎవరికి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ శరణార్థులు, వలసదారుల ఆరోగ్యం కోసం 2019లో ఒక ప్రణాళిక ఆమోదించింది. 2023లో దాన్ని 2030 దాకా పొడిగించింది. డాక్టర్లకు, అధికారులకు 2020 నుంచి ఏటా శిక్షణ కూడా నడుపుతోంది. మన భాష రాని డాక్టర్ మన పని గురించి ఏం అడగాలో నేర్చుకోవడం అందులో అవసరమైన భాగం. శిక్షణ క్యాంపులో కూడా జరగాలి. పక్కవాడు తడబడుతూ మాట్లాడితే, ఒళ్లు కాలిపోతుంటే అది ఎండదెబ్బ అని ఫోర్‌మన్‌కూ, రూమ్‌మేట్‌కూ తెలియాలి. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, నీళ్లతో ఒళ్లంతా తడిపి, గాలి విసురుతూ అంబులెన్స్ పిలవాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు.

కాగితాలు లేనివాళ్లు, మనం ఖల్లివల్లి అనేవాళ్లు, ఆసుపత్రికి పోవడానికి భయపడతారు. 2020 మార్చి 8న కరోనా వల్ల ఖతీఫ్‌ను మూసేశారు. అదే నెల 30న వీసా లేనివాళ్లకు కూడా కరోనా వైద్యం ఉచితమని రాజు ఆదేశించారు. ఒక్కరిని వదిలేసినా అందరికీ ప్రమాదమని ఆ రోజు అర్థమైంది.

మీరు చేయాల్సినవి

1. ఆసుపత్రిలో జ్వరం, తలనొప్పి అని చెప్పి ఊరుకోకండి. ఏం పని, ఎన్ని గంటలు, ఎండలోనా, ఎప్పుడు కళ్లు తిరిగాయి అన్నీ చెప్పండి, రాయమనండి. కళ్లు తిరగడాన్ని అరబ్బీలో "దౌఖా" అంటారు.

2. మెడికల్ రిపోర్టు, అంటే "తక్రీర్ తిబ్బీ", అడిగి తీసుకోండి. ఫోటో తీసి ఇంటికి వాట్సాప్ చేయండి.

3. ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాళ్లకు హెల్త్ ఇన్సూరెన్స్ యజమాని కట్టాలి. మీ జీతంలో కోయకూడదు.

4. ఏడాదిలో సిక్ లీవు మొదటి 30 రోజులు పూర్తి జీతంతో, తర్వాత 60 రోజులు మూడొంతుల జీతంతో, ఆపై 30 రోజులు జీతం లేకుండా ఉంటుంది. డాక్టర్ కాగితం ఉండాలి.

5. అంబులెన్స్‌కు 997, ఆరోగ్య సలహాకు 937, కార్మిక శాఖకు ఫిర్యాదు చేయడానికి 19911.

ఇంట్లో ఉన్నవాళ్లు

పాస్‌పోర్టు, ఇఖామా, బీమా పాలసీ, కంపెనీ పేరు, ఇద్దరు రూమ్‌మేట్ల నంబర్లు ఒక ఫైల్లో పెట్టుకోండి. ఫోన్‌లో ఆయన "ఒంట్లో బాగాలేదు" అంటే ఆ తేదీ రాసి పెట్టండి. చావు వార్త వస్తే బాడీ ఎప్పుడొస్తుంది అన్న ఒక్క ప్రశ్నతో ఆగకండి. ఆసుపత్రి రిపోర్టు కావాలని, చావుకు కారణం స్పష్టంగా రాయాలని ఎంబసీకి రాతపూర్వకంగా అడగండి. ఆ కాగితం మీ ఇంటికి న్యాయం తెస్తుంది. రేపు ఎవరైనా లెక్క తీసినప్పుడు మీవాడి పేరు అందులో కలుస్తుంది. అలాంటి లెక్కలు చూపించే ఖతార్‌లో పని గంటలు తగ్గించగలిగారు.