నగర సుస్థిరాభివృద్ధి సూచీలు: మూసీ దిగువ నుంచి ఒక పరిశీలన

2021 నవంబరులో నీతి ఆయోగ్ వెలువరించిన నగర సుస్థిరాభివృద్ధి సూచీ 56 నగరాలను 77 సూచికలతో కొలిచి ర్యాంకులు ఇచ్చింది. సిమ్లా మొదట, ధన్‌బాద్ చివర నిలిచాయి. అప్పటి నుంచి నగర పాలనపై చర్చ చాలావరకు ఆ ర్యాంకుల చుట్టూనే తిరుగుతోంది. ఏ నగరం పైకెక్కింది, ఏది కిందికి జారింది అని అడుగుతున్నాం. కొలతబద్ద ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందని మాత్రం మన పరిశోధకులు అంతగా అడగడం లేదు. హైదరాబాద్‌కు దిగువన మూసీ ఒడ్డు గ్రామాల సాగును పరిశీలిస్తున్న కొద్దీ నాలో ఒక అభిప్రాయం బలపడింది. పాలనా సరిహద్దు లోపలే నగరాన్ని కొలిచే సూచీ, నగరం తన భారాన్ని పొరుగువారి మీదికి ఎంత బాగా నెట్టగలదో దానికే మార్కులు వేస్తుంది.

ఈ సూచీకి మూలం ఆర్థికవేత్త జెఫ్రీ సాక్స్ బృందం 2016లో ప్రపంచ దేశాల కోసం రూపొందించిన పద్ధతి. ప్రతి సూచికనూ 0 నుంచి 100 మధ్యకు కుదించి, సుస్థిరాభివృద్ధి లక్ష్యాలన్నిటికీ సమాన భారమిచ్చి, అంకమధ్యమం తీస్తారు. దేశాలు అన్ని లక్ష్యాలనూ సమానంగా అంగీకరించాయి కనుక భారమూ సమానంగా ఉండాలన్నది సాక్స్ బృందం వాదన. ఆ వాదనలోనే లోపం ఉంది. లక్ష్యాలు సమానమైతే ఒకదాని లోటును మరొకటి పూడ్చకూడదు. అంకమధ్యమం చేసేది సరిగ్గా ఆ పూడికే. ఆదాయంలో 90, నీటిలో 30 తెచ్చుకున్న నగరానికి అది 60 ఇస్తుంది. గుణమధ్యమం తీస్తే అదే నగరానికి 52 మాత్రమే వస్తుంది. ఈ చిక్కు గమనించే మానవాభివృద్ధి సూచీ 2010లో గుణమధ్యమానికి మారింది. ఆరేళ్ల తర్వాత వచ్చిన సాక్స్ పద్ధతి ఆ అనుభవాన్ని పక్కన పెట్టింది. నీతి ఆయోగ్ ఆ పద్ధతినే నగరాలకు దించింది.

రెండో లోపం సమాచారానిది. సూచీ వాడుకున్న ఆధారాల్లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒకటి. ఆ సర్వే అంచనాలు జిల్లా స్థాయివి, నగర స్థాయివి కావు. 2011 జనగణనలో హైదరాబాద్ జిల్లా జనాభా 39 లక్షలు. 2007లో చుట్టుపక్కల 12 పురపాలక సంఘాలను కలుపుకొని ఏర్పడిన మహానగర పాలక సంస్థ జనాభా 67 లక్షలకు పైమాటే. జిల్లా అంకెను నగరం అంకెగా తీసుకుంటే కుత్బుల్లాపూర్, ఎల్బీనగర్ వంటి విస్తరణ ప్రాంతాలే లెక్కలోంచి జారిపోతాయి. నగరం వేగంగా పెరుగుతున్నది అక్కడే.

సరిహద్దు దగ్గరే ఆగే కొలత లోపానికి అసలు సాక్ష్యం మూసీ. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాద్ మధ్యగా పారి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే ఈ నది 2018లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన 351 కలుషిత నదీ భాగాల జాబితాలో ఉంది. నగరానికి తాగునీరు ఒకవైపు నాగార్జునసాగర్ నుంచి, మరోవైపు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎత్తిపోతల మీద వస్తుంది. వాడిన నీరు నాలాల గుండా మూసీలోకి చేరుతుంది. ఒకప్పుడు వానల తర్వాత ఎండిపోయే ఏరు, నగరం మురుగుతో ఏడాదంతా పారే నదిగా మారింది. పీర్జాదిగూడ మొదలుకొని దిగువన రైతులు ఆ నీటిని కత్వల దగ్గర కాలువల్లోకి మళ్లించి వరి, పారాగడ్డి పండిస్తారు. ఆ గడ్డి తిన్న గేదెల పాలు మళ్లీ నగరానికే వస్తాయి. నీరు, మేత, పాలు కలిసిన ఈ చక్రమంతా హైదరాబాద్ జీవనాధారంలో భాగమే. అందులోని లాభం నగరం ఖాతాలో పడుతుంది. పాడైన బావులు, రైతు కాళ్లకు పట్టే దురద, గడ్డి తప్ప వేరే పైరుకు లొంగని పొలాలు ఏ ఖాతాలోనూ పడవు. ఇళ్లకు కుళాయి ఇచ్చినందుకు నగరానికి మార్కులు పెరుగుతాయి. ఆ కుళాయి నీరే మురుగై దిగువ గ్రామాలకు చేసే నష్టం మాత్రం ఆ లెక్కలోకి రాదు.

నగరాన్ని దాని నదీ పరీవాహకంతో కలిపి చూసే దృష్టి మనకు కొత్త కాదు. 1908 సెప్టెంబరు మూసీ వరద తర్వాత ఇంజనీరు విశ్వేశ్వరయ్య మందును నగరంలో కాక ఎగువ పరీవాహకంలో వెతికారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచనకు రూపాలు. ఆ జలాశయాల పరీవాహకాన్ని కాపాడేందుకు 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టిన 1996 నాటి 111 జీవో కూడా ఆ దారిలోనిదే. 2022లో ఆ ఆంక్షలను తొలగిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. దాని వల్ల జరిగే నష్టాన్ని కనిపెట్టగల సూచిక ఈ సూచీలో లేదు.

సిమ్లా సంగతీ ఇదే చెబుతుంది. 2015–16 శీతాకాలంలో ఆ పట్టణంలో కామెర్లు వ్యాపించాయి. పట్టణానికి తాగునీరిచ్చే అశ్వినీ ఖడ్ అనే వాగులోకి ఎగువనున్న మురుగు శుద్ధి కేంద్రం నుంచే కలుషిత నీరు చేరింది. శుద్ధి కేంద్రాన్ని లెక్కపెట్టడం తేలికే, దాని దిగువ నీటిని పరీక్షించకపోతే ఆ లెక్కకు అర్థం లేదు. 2018 వేసవిలో అదే పట్టణం నీళ్లు లేక అల్లాడింది. మూడేళ్లకు సూచీలో మొదటి స్థానంలో నిలిచింది.

జవాబుదారీతనానికీ, నగరాల మధ్య పోలికకూ పాలనా సరిహద్దు అవసరమేనన్న వాదనలో కొంత నిజముంది.

అయినా కొలతకు ప్రమాణంగా నదీ పరీవాహకమే ఉండాలి. నగరం ఏ నది నుంచి ఎంత నీరు, ఎంత విద్యుత్తు ఖర్చుతో తెస్తోంది? ఎంత మురుగును ఏ నాణ్యతతో దిగువకు వదులుతోంది? దాని మూల్యం ఏ గ్రామం చెల్లిస్తోంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబివ్వని సూచీ హైదరాబాద్‌కే కాదు, నది ఒడ్డున పెరిగిన ఏ భారతీయ నగరానికీ పనికిరాదు. సుస్థిరాభివృద్ధి లక్ష్యాలకు పెట్టుకున్న 2030 గడువు దగ్గరపడుతోంది. ర్యాంకుల ప్రకటన ఆపి, మూసీ వెంట అనంతగిరి నుంచి వాడపల్లి దాకా ఒకే ఖాతా తెరవడంతో పని మొదలుపెట్టాలి. ఆ ఖాతాలో హైదరాబాద్ పక్కనే దిగువ గ్రామాల పద్దూ ఉండాలి. దిగువ రైతు నష్టపోయినంత మేరకు నగరం మార్కులు తగ్గాలి.