మెలట్టూరు నరసింహుని మొగము

మొగమునకు తొడుగు వేసికొనుట యనగా తన్ను దాచుకొనుటయే యని పెక్కుమంది తలంతురు. కాని యొక తొడుగును గుడిలో నుంచి పూజించు గ్రామము గలదు. అది తంజావూరు మండలములోని మెలట్టూరు.

1565వ సంవత్సరమున తళ్ళికోట యుద్ధముతో విజయనగర వైభవము సన్నగిల్లగా, పండితులును కళావిదులును పలువురు దక్షిణమునకు తరలి తంజావూరు నాయకరాజుల యాశ్రయము పొందిరి. అచ్యుతప్ప నాయకుడు బ్రాహ్మణ కుటుంబములకు ఇండ్లును భూములును నొసగి యీ యూర నిలిపెననియు, అందుచే దీనికి అచ్యుతపురమను పేరు కలిగెననియు పెద్దలు చెప్పుదురు. ఆ వంశములవారే భాగవతమేళమును నిలిపిరి. మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారు వారికొరకు నాటకములు రచించిరి. ఊరు అరవదేశమున నున్నది; నాటకము తెనుగున నున్నది.

ఏటేట వైశాఖమాసమున, నరసింహజయంతి సందర్భమున, వరదరాజస్వామి గుడియెదుట రాత్రివేళ ప్రహ్లాదచరిత్రము నాడుదురు. స్త్రీపాత్రములును పురుషులే ధరించుట సంప్రదాయము. మొదట కోణంగి వచ్చి నవ్వించును. పిమ్మట గణపతి తొడుగు ధరించి యొక బాలుడు వచ్చి దీవించును. కడపట నరసింహుడు వెడలును. ఆ మొగము ధరించువాడు నాడు ఉపవసించును. తొడిగినంతనే అతనికి ఆవేశము కలుగునని గ్రామస్థుల నమ్మకము. కావున ఇరుప్రక్కల మనుష్యులు పట్టుకొని నిలుతురు.

నేను బడిలో ప్రహ్లాదుని కథ చెప్పుచుండగా ఒక బాలుడు, “పంతులుగారూ, తొడుగు వెనుక నున్నవాడు మనవంటి మనుష్యుడే గదా, భయమేల?” యని యడిగెను. నే నిట్లంటిని: “నాయనా, మన మొగము క్షణమున కొక తీరుగా మారును. ఆ మొగము మారదు. ఒక్క భావముననే నిలుచును. దానిని ధరించినవాని పేరు, ఇల్లు, ఇష్టానిష్టములు మరుగుపడును. మిగులునది దేవుని భావమొక్కటే. ఆ మొగమునకు తగిన దేహము కావలెననియే యుపవాసము.”

ఇట్టి మొగములు చేయు విద్య మన సీమలోను గలదు. తెలంగాణమున సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీవారు రంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపి ముద్దచేసి, చిన్న మొగములను కొబ్బరిచిప్పలపై తీర్చి, ఎండబెట్టి, రంగులు వేయుదురు. కన్ను ఒకింత వంకర పోయినచో భావమే చెడును. కావున ఓర్పును చేతిపదనును పరంపరగా రావలెను.

మెలట్టూరు మొగము నేటికిని బ్రదికియుండుటకు కారణము దాని రంగు మాత్రమే కాదు. చేసినవాని చేయి, ధరించినవాని నియమము, పాడువాని తెనుగు, ఈ మూడును కూడినందున అది బ్రదికినది. వీనిలో నేది తొలగినను మిగులునది బొమ్మయే. గాజుపెట్టెలో దానిని భద్రపరచవచ్చును గాని దానికి ప్రాణము పోయలేము.

గ్రామపెద్దలారా! మీ గుడి కొట్లలోను, వేషగాండ్ర పెట్టెలలోను పాత మొగములు పడియుండవచ్చును. రంగు వెలసినదని పారవేయకుడు. అది ఎవరు చేసిరి, ఏ పండుగకు ధరించిరి, ఏ పాట పాడిరి యని వృద్ధులనడిగి పిల్లలచే వ్రాయింపుడు. చెప్పగలవారుండగనే ఆ పని జరుగవలెను.