హి గోస్: నల్లగొండ, పాలమూరు బడుల్లో కర్తా క్రియల పొత్తు

కర్తను బట్టి క్రియ మారడం తెలుగు పిల్లలకు కొత్త కాదు. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బడి మొహం చూడని పిల్లలు కూడా ‘నేను పోత, నువ్వు పోతవ్, వాడు పోతడు, ఆమె పోతది, వాళ్లు పోతరు, అవి పోతయి’ అని తడబడకుండా అంటారు. ఇక్కడే ఆరు రూపాలున్నాయి. ఇంగ్లిషు వర్తమాన కాలంలో ఇదే పనికి ఉన్నవి రెండే: గో, గోస్. అయినా పరీక్ష పేపర్లలో ‘హి గో’ పోలేదంటే లోపాన్ని పిల్లల్లో కన్నా పాఠం చెప్పే తీరులో వెతకాలి.

నిజాం కాలంలో ఈ జిల్లాల పిల్లలకు పైచదువంటే ఎక్కువగా ఉర్దూలోనే. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో బోధిస్తూనే ఇంగ్లిషును తప్పనిసరి చేసింది. దాంతో విద్యార్థికి మూడు లెక్కలు పడ్డాయి. ఉర్దూలో ‘లడ్కే నే రోటీ ఖాయీ’ అంటే క్రియ పిల్లవాణ్ని వదిలి రొట్టె వెంట పోతుంది. తెలుగులో ‘పిల్లగాడు రొట్టె తిన్నడు’ అంటే కర్తదే పెత్తనం. ఇంగ్లిషులో ‘ఏట్’ ఎవరికోసమూ మారదు.

1948 పోలీసు చర్యతో నిజాం పాలన ముగిశాక ఉర్దూ మాధ్యమం వెనక్కి తగ్గింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక సర్కారు బడుల్లో తెలుగు మీడియం స్థిరపడింది. ఇంగ్లిషుకు మాత్రం 1930ల్లో వచ్చిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణ పుస్తకం బాటే చాలాకాలం నడిచింది: ముందు సూత్రం, తర్వాత ఖాళీలు. ‘ఈచ్’, ‘నైదర్’ వస్తే ఏకవచనమని బట్టీ పట్టడమే సాధన.

1958లో హైదరాబాదులో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ మొదలైంది. నేటి ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ (ఇఫ్లూ)కి మూలం అదే. ఆ రోజుల్లో దేశమంతటా వాక్య నిర్మాణాల పద్ధతి ఊపందుకుంది. బోర్డు మీద ఒక వరుసలో హి, షి, మై బ్రదర్. పక్క వరుసలో గోస్, ఈట్స్, వర్క్స్. తరగతంతా వాక్యాలు కూర్చి పలికేది. నోరు తిరిగింది గాని, సొంతంగా రాయమంటే ‘ఎస్’ మళ్లీ జారిపోయేది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత వ్యాకరణం కథల్లో, సంభాషణల్లో కలిసింది. తప్పులున్న పేరాను దిద్దే ఎడిటింగ్ అభ్యాసాలు వచ్చాయి.

2022-23లో తెలంగాణ సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిషుగా పుస్తకాలు అచ్చయ్యాయి. ఇన్నేళ్లలో ఈ జంట పేజీలు మంచి మలుపు. పిల్లల తప్పులకు మూలం చాలాసార్లు తెలుగు పేజీలోనే దొరుకుతుంది. ‘సారు వస్తున్నరు’ అనే మర్యాద బహువచనం నుంచే ‘సర్ ఆర్ కమింగ్’ పుడుతుంది. రమేశ్‌కైనా లక్ష్మికైనా ‘తన బ్యాగు’ అనే మనకు ‘హిజ్’, ‘హర్’ విడిగా అలవాటు కావాలి.

కాబట్టి పంతుళ్లూ పంతులమ్మలూ ‘పోతడు, పోతది, పోతరు’ బోర్డు మీద ముందు రాయండి. ‘గోస్, గోస్, గో’ వాటి పక్కన రాయండి. తెలిసినదాని పక్కన పెడితే తెలియనిది తొందరగా పట్టుబడుతుంది.