ఒంటిచేతి కెమిస్టూ, యూరియా వాసనా

పాత బస్టాండుల్లో మూత్రశాల ఎక్కడుందో ఎవర్నీ అడగక్కర్లేదు, ముక్కే దారి చూపిస్తుంది. ఆ ఘాటు మూత్రానిదే అని చాలాకాలం అనుకున్నాను. కాదు. మూత్రంలో ఉండే యూరియాకి ఆ ఘాటు లేదు. బాక్టీరియాల్లోని యూరియేజ్ అనే ఎంజైమ్ దాన్ని అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొడుతుంది. మనచేత ముక్కు మూయించేది ఆ అమ్మోనియా. ఎంజైమ్ లేకుండా ఉత్త నీళ్ళలో వదిలేస్తే యూరియాలో సగం విడిపోవడానికే ఏళ్ళు పడుతుంది. ఎంజైమ్ ఆ పనిని రెప్పపాటులో చేసేసి, తను మాత్రం చెక్కుచెదరకుండా ఇంకో అణువుని అందుకుంటుంది.

1828లో వోలర్ ఈ యూరియానే జీవి సాయం లేకుండా ప్రయోగశాలలో తయారుచేశాడు. జీవపదార్థాలు పుట్టాలంటే ఏదో 'ప్రాణశక్తి' ఉండాలన్న నమ్మకానికి అది తొలి దెబ్బల్లో ఒకటి. అయినా నమ్మకం చావలేదు. చక్కెర సారాగా మారాలంటే బతికున్న ఈస్ట్ కావాల్సిందేనన్నాడు పాశ్చర్. 1897లో ఎడ్వర్డ్ బుఖ్నర్ ఈస్ట్‌ని ఇసుకతో నూరి, పిండి, ఒక్క కణం కూడా లేని రసం తీశాడు. అందులో చక్కెర వేస్తే బుడగలొచ్చాయి. ప్రాణం పోయినా పని ఆగలేదు!

మరి ఆ పని చేస్తున్నది ఏమిటి? జర్మనీలో నోబెల్ గ్రహీత విల్‌స్టాటర్ అది ప్రోటీన్ మాత్రం కాదన్నాడు. ఆయన శుద్ధి చేసిన ద్రావణంలో ఎంజైమ్ పని చేస్తోంది, కానీ పరీక్షలో ప్రోటీన్ కనపడలేదు. ఆ రోజుల్లో ఆయన మాటకి ఎదురులేదు.

అమెరికాలో జేమ్స్ సమ్నర్ అనే కుర్రాడికి పదిహేడేళ్ళప్పుడు, వేటలో తోటివాడి తుపాకీ పొరపాటున పేలి, ఎడమచెయ్యి పోయింది. అతనిది ఎడమచేతి వాటం. హార్వర్డ్‌లో చేరబోతే ప్రొఫెసర్ ఒట్టో ఫోలిన్, ఒంటిచేత్తో కెమిస్ట్రీ కుదరదు, వేరే దారి చూసుకోమన్నాడు. వినలేదు. 1914లో అక్కడే డాక్టరేట్ తీసుకున్నాడు. 1917లో కార్నెల్‌లో, చిక్కుడు కుటుంబానికి చెందిన జాక్ బీన్ గింజల్లోంచి యూరియేజ్‌ని విడదీయడం మొదలుపెట్టాడు. తలకు మించిన పాఠాలు, చేతిలో డబ్బుల్లేవు. బ్రస్సెల్స్ వెళ్ళి పనిచేద్దామనుకుంటే అక్కడి నిపుణుడు ఈ ఆలోచనని కొట్టిపారేశాడు. ల్యాబ్‌లో ఐసుపెట్టె లేక గాజుపాత్రల్ని కిటికీ గట్టు మీద పెట్టి, చలి రాత్రుల కోసం ఎదురుచూసేవాడు.

తొమ్మిదేళ్ళు. 1926లో గింజల పిండిని అసిటోన్ కలిపిన నీళ్ళలో నానబెట్టి, వడకట్టి, చల్లబరిస్తే సన్నటి స్ఫటికాలు తేలాయి. అవి ప్రోటీన్. నీళ్ళలో కరిగిస్తే యూరియాని చకచకా విడగొట్టాయి. జర్మన్లు నమ్మలేదు. ప్రోటీన్ ఉత్త మోతగాడేననీ, అసలు ఎంజైమ్ దానికి అంటుకుని ఉందనీ వాదించారు. 1930లో నార్త్‌రప్ పెప్సిన్‌ని కూడా స్ఫటికాలుగా తీశాక వాదన మెల్లగా సద్దుమణిగింది. 1946లో సమ్నర్‌కి నోబెల్ వచ్చింది.

ఆ ఫోలిన్ విభాగంలోనే 1920లలో మన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేశాడు. 1929లో వాళ్ళు కండరాల్లో గుర్తించిన ఏటీపీని వాడుకుని నడిచే ఎంజైమ్‌లు మన ఒంట్లో ఎన్నో.

విల్‌స్టాటర్ తెలివితక్కువవాడు కాదు, అబద్ధమూ చెప్పలేదు. ఎంజైమ్ అంత కొంచెంగా ఉన్నా పని చేస్తుంది. ఆ కొంచెం ఆనాటి పరీక్షకి అందలేదు, అంతే. 'కనపడలేదు' అనాల్సిన చోట 'లేదు' అన్నాడు. ఫోలిన్ కూడా ఒక కుర్రాడి విషయంలో అదే చేశాడేమో అనిపిస్తుంది నాకు. ఇద్దరికీ జవాబు ఒకే కిటికీ గట్టు మీంచి వచ్చింది.