ఎల్క్ వేట బుల్లెట్టు: పరిణామ చరిత్ర

ఎల్క్ ఉత్తర అమెరికా పశ్చిమ పర్వతాల్లో తిరిగే పెద్ద జింక. వాపిటి అన్నది దీనికే మరో పేరు; శాస్త్రీయ నామం సెర్వస్ కెనడెన్సిస్. మన అడవుల్లోని కణుజుకు బంధువే గానీ అంతకంటే బరువైనది. రాకీ పర్వతాల్లో ఎదిగిన మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది. దాని భుజం ఎముక లావు, ఛాతీ లోతు. బుల్లెట్టు ఊపిరితిత్తుల దాకా చేరకుండా మధ్యలో ఆగిపోతే, గాయపడిన జంతువు మైళ్ళ దూరం పోయి ఎవరికీ దొరకని చోట చస్తుంది. కాబట్టి ఈ వేటకు పనికివచ్చే బుల్లెట్టు లోతుగా దూసుకుపోవాలి, పోతూ పోతూ ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకోవాలి. ఈ రెండింటికీ పొసగదు. విచ్చుకున్న కొద్దీ లోతు తగ్గుతుంది. దూరం పెరిగి వేగం పడిపోయిన కొద్దీ అసలు విచ్చుకోవడమే కష్టమవుతుంది. ఎల్క్ వేట బుల్లెట్టు చరిత్రంతా ఈ పేచీ చుట్టూనే తిరిగింది.

సీసపు గుండ్ల కాలం

అమెరికా పశ్చిమ భాగాన్ని అన్వేషించిన లూయిస్, క్లార్క్‌ల యాత్రాబృందం 1805–06 చలికాలంలో పసిఫిక్ తీరాన ఫోర్ట్ క్లాట్సాప్‌లో ఉండి, వందకు పైగా ఎల్క్‌లను చంపి తిని బతికింది. ఆనాటి తుపాకుల్లో వాడింది గుండ్రటి సీసపు గుండు. తర్వాతి దశాబ్దాల్లో సెయింట్ లూయిస్‌కు చెందిన జేకబ్, శామ్యూల్ హాకెన్ సోదరులు చేసిన బరువైన రైఫిళ్ళను కొండలకు పోయే వేటగాళ్ళు కోరి కొనేవారు. గోళంతో వచ్చే చిక్కు ఏమిటంటే, బరువు పెంచాలంటే బోరు (గొట్టం లోపలి వ్యాసం) పెంచక తప్పదు. పైగా అది గాలిని చీల్చుకుపోయే ఆకారం కాదు. వంద గజాలు దాటేసరికి వేగంలో దాదాపు మూడో వంతు పోతుంది.

ఫ్రెంచి సైనికాధికారి క్లోడ్ ఎతియెన్ మినియే 1849లో రూపొందించిన బుల్లెట్టుతో పొడవాటి, ముందు సన్నబడే ఆకారం వ్యాప్తిలోకి వచ్చింది. 1873లో అమెరికా సైన్యం చేపట్టిన .45-70 తూటాలో 405 గ్రెయిన్ల సీసం, అంటే సుమారు 26 గ్రాములు ఉండేది. వేగం సెకనుకు 410 మీటర్లే. దగ్గరలో ఉన్న ఎల్క్‌ను పడగొట్టడానికి ఇది చాలు. అయితే బుల్లెట్టు వెళ్ళే దారి బాగా వంపు తిరిగి ఉండేది. 200 గజాల లక్ష్యాన్ని 250 గజాలని పొరబడితే దెబ్బ వీపు పైనుంచి పోయేది. ఇలాంటి తుపాకులే మాంసం, తోలు, దంతాల వ్యాపారం చేతిలో పడి మందల్ని తుడిచిపెట్టాయి. 20వ శతాబ్దం ఆరంభానికి లక్ష ఎల్క్‌లు కూడా మిగల్లేదని అంచనా. మిగిలిన వాటి కోసం 1912లో వయోమింగ్‌లోని జాక్సన్ దగ్గర నేషనల్ ఎల్క్ రెఫ్యూజ్ ఏర్పాటైంది.

పొగలేని మందు, రాగి తొడుగు

1884లో ఫ్రాన్సు రసాయన శాస్త్రవేత్త పాల్ వియేల్ కనిపెట్టిన పొగలేని తుపాకి మందు బుల్లెట్టు వేగాన్ని ఒక్కసారిగా పెంచింది. ఆ వేగానికి వట్టి సీసం తట్టుకోలేదు. గొట్టం లోపలి గాళ్ళకు పూసుకుపోయేది. దానికి విరుగుడు అప్పటికే సిద్ధంగా ఉంది. స్విట్జర్లాండ్ సైనికాధికారి ఎడ్వర్డ్ రూబిన్ 1882లోనే సీసానికి రాగి తొడుగు వేశాడు. ముక్కు దాకా తొడుగు ఉన్న బుల్లెట్టు మాత్రం శరీరంలో సన్నని రంధ్రం చేసి అవతలికి పోయేది.

ఈ కథలో భారతదేశానికీ ఒక పాత్ర ఉంది, అంత గర్వపడేది కాకపోయినా. కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో 1890లలో కెప్టెన్ నెవిల్ బెర్టీ-క్లే ముక్కు దగ్గర తొడుగు తీసేసి, సీసం బయటికి కనిపించే బుల్లెట్టు చేయించాడు. అది తగిలిన చోట విచ్చుకునేది. 1899 హేగ్ ప్రకటన ఈ రకాన్ని యుద్ధంలో నిషేధించింది. వేట చట్టాలు సరిగ్గా దీనికి ఎదురుదిశలో నడిచాయి. త్వరగా ప్రాణం పోవాలంటే విచ్చుకునే బుల్లెట్టే కావాలని అవి పట్టుబట్టాయి. తుపాకుల కంపెనీ వించెస్టర్ 1895లో తెచ్చిన .30-30 తూటాతో మెత్తటి ముక్కు బుల్లెట్టు అమెరికా వేటగాళ్ళ ఇంటింటికీ చేరింది.

జర్మనీ 1905లో, అమెరికా 1906లో మొద్దు ముక్కు వదిలి మొనదేలిన బుల్లెట్టుకు మారాయి. అమెరికా తూటా .30-06 నుంచి 150 గ్రెయిన్ల బుల్లెట్టు సెకనుకు 820 మీటర్ల వేగంతో బయలుదేరేది. సైన్యం కోసం పుట్టిన ఈ తూటాయే తర్వాతి వందేళ్ళూ ఎల్క్ వేటగాళ్ళకు కొలమానమైంది.

నోస్లర్ గోడ

వేగం పెరిగాక కొత్త బెడద మొదలైంది. దగ్గరి నుంచి కాల్చితే బుల్లెట్టు పైపైనే పగిలి ముక్కలయ్యేది. ఏ బుల్లెట్టు మేలన్న విషయమై అమెరికా వేట పత్రికల్లో దశాబ్దాలపాటు సాగిన వాగ్యుద్ధానికి మూలం ఇదే. ‘అవుట్‌డోర్ లైఫ్’ రచయిత జాక్ ఓకానర్ 1925లో వచ్చిన .270 వించెస్టర్‌ను, అందులోని 130 గ్రెయిన్ల వేగవంతమైన బుల్లెట్టును వెనకేసుకొచ్చాడు. ఐడహోలో వేటగాళ్ళకు దారి చూపిన ఎల్మర్ కీత్‌కు అది గిట్టలేదు. పారిపోతున్న ఎల్క్‌ను వెనక నుంచి కాల్చినా ఛాతీ దాకా చేరాలంటే 250 గ్రెయిన్ల లావాటి బుల్లెట్టు తప్పదన్నది అతని వాదం. కీత్ తన మిత్రులతో కలిసి చేసిన ప్రయోగాల దారిలోనే 1958లో .338 వించెస్టర్ మాగ్నమ్ వచ్చింది.

నిజానికి వీళ్ళిద్దరూ పోట్లాడుకున్నది క్యాలిబర్ (బుల్లెట్టు లావు) గురించి కాదు, నమ్మదగని బుల్లెట్ల గురించి. ఆ సంగతి తేల్చినవాడు జాన్ నోస్లర్. 1946లో బ్రిటిష్ కొలంబియాలో అతను .300 హెచ్ అండ్ హెచ్ రైఫిల్‌తో మూస్ అనే భారీ జింక వేటకు వెళ్ళాడు. ఎండిన బురద పట్టిన మూస్ చర్మం మీద బుల్లెట్లు లోతుకు దిగకుండానే పగిలిపోయాయి. ఇంటికి వచ్చాక అతను రాగి కడ్డీని రెండు వైపుల నుంచీ తొలిచి, మధ్యలో గోడ వదిలి, రెండు గదుల్లోనూ సీసం నింపాడు. ముందు గది విచ్చుకుంటుంది, గోడ దగ్గర ఆగిపోతుంది. వెనక గది చెక్కుచెదరకుండా లోపలికి తోసుకుపోతుంది. 1948లో ‘పార్టిషన్’ పేరుతో దీని అమ్మకానికి కంపెనీయే పెట్టాడు. బరువులో సుమారు మూడింట రెండు వంతులు నిలుపుకునే ఈ బుల్లెట్టు వచ్చాక, .270తో ఎల్క్‌ను వేటాడటం సాహసమనే మాటకు బలం తగ్గింది. ఇంత సాదా ఉపాయం మూడు తరాలు దాటినా తయారీలోనే ఉందంటే, ఆ తర్వాత వచ్చిన వాటిలో చాలా వాటికి దక్కని గౌరవమే అది.

ఆ తర్వాతి మార్గాలు రెండు. ఒకటి, సీసాన్ని తొడుగుకు అతికించడం. 1960లలో ఐడహోకు చెందిన బిల్ స్టైగర్స్ చేత్తో చేసిన బిటర్‌రూట్ బుల్లెట్లు దీనికి దారి తీశాయి. రెండోది, సీసాన్నే తీసేయడం. బార్న్స్ కంపెనీకి చెందిన రాండీ బ్రూక్స్ 1989లో పూర్తిగా రాగితో చేసిన ‘ఎక్స్’ బుల్లెట్టు తెచ్చాడు. ముక్కులో చిన్న గుంట ఉన్న ఈ బుల్లెట్టు నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, బరువు దాదాపు ఏమీ పోగొట్టుకోదు.

దూరం తెచ్చిన మార్పు

1990లలో లేజర్ దూరమాపకాలు సామాన్య వేటగాళ్ళకు అందాయి. అంతవరకు 300 గజాలే చాలా దూరం. దూరం కచ్చితంగా తెలియడంతో 500, 700 గజాల నుంచి కాల్చేవాళ్ళు పెరిగారు, బుల్లెట్టు మీద కొత్త షరతులు పడ్డాయి. గాలి నిరోధాన్ని ఎంత బాగా తట్టుకుంటుందో చెప్పే బాలిస్టిక్ కోఎఫిషియెంట్ పెట్టె మీద అచ్చయ్యే ప్రధాన అంకె అయింది. పక్కగాలి గంటకు పది మైళ్ళయితే, సన్నగా పొడవుగా ఉన్న మంచి బుల్లెట్టు కూడా 500 గజాల్లో అడుగుకు పైగా పక్కకు జరుగుతుంది. అక్కడికి చేరడానికి అరసెకను కంటే ఎక్కువే పడుతుంది. ఈలోగా ఎల్క్ ఒక్క అడుగు ముందుకు వేస్తే, ఊపిరితిత్తులకు గురిపెట్టిన దెబ్బ పొట్టలో తగులుతుంది. దీన్ని ఏ బుల్లెట్టూ దిద్దలేదు.

అసలు పరీక్ష చివర్లో ఉంది. మామూలు వేట బుల్లెట్టు విచ్చుకోవాలంటే సెకనుకు సుమారు 550 మీటర్ల వేగం ఉండాలి. దూరాల్లో అంత మిగలకపోవచ్చు. అందుకే నోస్లర్ 2013లో తెచ్చిన అక్యుబాండ్ లాంగ్ రేంజ్ బుల్లెట్టును సెకనుకు 400 మీటర్ల దగ్గర కూడా విచ్చుకునేలా మెత్తబరిచారు. బుల్లెట్ల తయారీ సంస్థ హార్నడీ ఇంజినీర్లు డాప్లర్ రాడార్‌తో బుల్లెట్లను వెంటాడి కొలిచినప్పుడు, ప్లాస్టిక్ ముక్కులు గాలి రాపిడి వేడికి మెత్తబడి ఆకారం చెడుతున్నాయని తేలింది. వేడిని తట్టుకునే ముక్కుతో 2015లో ఆ సంస్థ ఈఎల్‌డీ-ఎక్స్ బుల్లెట్టు వచ్చింది. ఇంతా చేసి, పాత చిక్కు వేరే గుమ్మంలోంచి తిరిగొచ్చింది. దూరంలో విచ్చుకునేంత మెత్తనిది, 50 గజాల్లో భుజం ఎముకకు తగిలితే చిట్లిపోవచ్చు. దట్టమైన చెట్లలో ఎల్క్ ఎదురుపడటం మామూలే గనుక, దూరాన్నే దృష్టిలో పెట్టుకుని బుల్లెట్టు ఎంచుకోవడం తెలివైన పని కాదు.

సీసం గొడవ, నిబంధనలు

చితికిన సీసపు తునకలు వేటగాళ్ళు వదిలేసిన పేగుల కుప్పల్లో మిగిలి, వాటిని తిన్న కాలిఫోర్నియా కాండోర్ రాబందులకు విషమయ్యాయి. 1982లో 22 మాత్రమే మిగిలిన జాతి అది. కాలిఫోర్నియా 2019 జులై 1 నుంచి వేటలో సీసపు తూటాలను పూర్తిగా నిషేధించింది. దానితో రాగి బుల్లెట్లకు గిరాకీ పెరిగింది. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అంతే బరువుకు బుల్లెట్టు పొడవవుతుంది, విచ్చుకోవడానికి వేగమూ ఎక్కువే కావాలి. దూరపు వేటకు ఇది లోపమే.

కొలరాడోలో ఎల్క్ వేటకు బుల్లెట్టు కనీసం 85 గ్రెయిన్లు (5.5 గ్రాములు) ఉండాలి, విచ్చుకునే రకమై ఉండాలి, 100 గజాల వద్ద 1,000 అడుగు-పౌండ్ల శక్తి మిగిలి ఉండాలి. ఐడహోలో 16 పౌండ్లకు మించి బరువున్న తుపాకులతో పెద్ద జంతువుల వేట నిషిద్ధం. ఈ రెండు నిబంధనల్లోనూ ఎంత దూరం నుంచి కాల్చవచ్చో చెప్పే హద్దు లేదు. 1887లో థియొడోర్ రూజ్‌వెల్ట్ ప్రభృతులు స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్, వేటగాడి ఉనికిని పసిగట్టి తప్పించుకునే వీలు జంతువుకు ఉండాలన్న పాత నియమాన్నే ఇప్పటికీ పట్టుకుని ఉంది.