స్టూడియో ప్రాజెక్టు (ఇంటీరియర్ డిజైన్)

ఒక స్థలాన్ని ఎంచుకుని, కొలిచి, అక్కడ మసలేవారి అవసరాలకు తగ్గట్టు లోపలి ఏర్పాటును రూపొందించి, డ్రాయింగులతోనూ నమూనాతోనూ జ్యూరీ ముందు సమర్థించుకునే పనిని ఇంటీరియర్ డిజైన్ చదువులో స్టూడియో ప్రాజెక్టు అంటారు. తొలి ఏడాదుల్లో ఇది ఒక గదికో చిన్న దుకాణానికో పరిమితం. పై తరగతుల్లో హోటలు, ఆసుపత్రి, పాత కట్టడానికి కొత్త వినియోగం వంటి మేజర్ ప్రాజెక్టులు ఇస్తారు.

ఈ బోధనా పద్ధతికి పారిస్‌లోని ఎకోల్ దే బోజార్ మూలమని ఎక్కువమంది రాశారు; 1919లో వైమార్‌లో మొదలైన బౌహౌస్‌కు పెద్దపీట వేసేవారూ ఉన్నారు. గడువు, జ్యూరీ మొదటిదాని నుంచి, కర్రనూ లోహాన్నీ చేత్తో పట్టి నేర్చుకోవడం రెండోదాని నుంచి వచ్చాయనడం సబబుగా తోస్తుంది.

తెలంగాణలో ఈ చదువుకు ప్రధాన ప్రభుత్వ కేంద్రం హైదరాబాద్ మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం. దాని మూల కళాశాల ఆరంభాన్ని సాధారణంగా 1940గా లెక్కిస్తారు. 1972లో ఏర్పడిన జేఎన్‌టీయూలో అది భాగమైంది. 2008 చట్టంతో విడి విశ్వవిద్యాలయంగా రూపుదిద్దుకుంది. ఇక్కడ నాలుగేళ్ల బీడిజైన్ కోర్సు ఉంది.

అదే 1972లో వచ్చిన ఆర్కిటెక్టుల చట్టం ఆ వృత్తినామానికి రక్షణ, నమోదు కల్పించింది. ఇంటీరియర్ డిజైనర్లకు అటువంటి చట్టం లేదు. అదే ఏడాది పుట్టిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ ఇంటీరియర్ డిజైనర్స్ వృత్తి సంఘం మాత్రమే. అందువల్ల పట్టా తర్వాత ఉద్యోగం ఇచ్చేవారు చూసేది పోర్ట్‌ఫోలియోనే. పూర్తిచేసిన మేజర్ ప్రాజెక్టులకు ఇంత విలువ రావడానికి ముఖ్య కారణం ఇది.

ప్రాజెక్టు నిలబడేదీ కూలేదీ చాలావరకు కొలతల దగ్గరే. పాత కట్టడాల్లో గదులు చతురస్రంగా కనిపించినా మూలమట్టానికి సరిపోవు. కాబట్టి నాలుగు గోడలతోపాటు రెండు కర్ణాలనూ టేపుతో కొలవాలి. గోడ మందాన్ని తలుపు, కిటికీ సందుల్లో పట్టాలి. నేల ఎత్తుపల్లాలకు మేస్త్రీల నీళ్ల పైపు నేటికీ నమ్మదగిన సాధనమే. తర్వాత మొత్తం కట్టడం ప్లానును 1:100లో, గదులను 1:50లో, చెక్కపని వివరాలను 1:10లోనో ఇంకా పెద్దగానో గీయడం వాడుక. ఒకే గది ఉన్న ఇంట్లో నివాస గదికి కనీసం 9.5 చదరపు మీటర్ల వైశాల్యం, 2.4 మీటర్ల వెడల్పు ఉండాలన్న 2016 జాతీయ భవన నిర్మాణ స్మృతి, చక్రాల కుర్చీ తిరగడానికి 1,500 మిల్లీమీటర్ల జాగా వంటి నియమాలను ఈ దశలోనే సరిచూసుకోవాలి. కంప్యూటర్‌లో తీర్చిన రంగుల చిత్రం జ్యూరీ కంటికి మొదట ఆనుతుంది గానీ, వడ్రంగి పని మొదలుపెట్టగలిగేది వర్కింగ్ డ్రాయింగుతోనే.

పాత కట్టడాల పునర్వినియోగానికి కామారెడ్డి జిల్లా మంచి క్షేత్రం. జుక్కల్ మండలంలోని కౌలాస్ కోటను కొందరు రాష్ట్రకూటుల నాటిదనీ, మరికొందరు కాకతీయుల నాటిదనీ అంటారు. రాష్ట్రకూట రాజు మూడవ ఇంద్రుడు కట్టించాడంటూనే 9వ శతాబ్దమని రాయడం పొసగదు. ఆయన పాలన 914 ప్రాంతంలో మొదలైంది. కోట ఒకే కాలానిది కాదని, తరతరాలుగా మార్పులు పొందిందని భావించడం మేలు. విద్యార్థి ఏ భాగాన్ని ఎంచుకున్నా ముందుగా దాని పొరలను విడదీసి గుర్తించాలి.

ఇదే జిల్లాలో దోమకొండ కోట సంరక్షణ పూర్తయిన ఉదాహరణ. అద్దాల మేడ, కాకతీయుల నాటిదిగా చెప్పే మహాదేవ ఆలయం ఆ ఆవరణలో ఉన్నాయి. సంరక్షణ వాస్తుశిల్పి అనురాధా నాయక్ ఆధ్వర్యంలో అక్కడ పని సాగింది. సున్నపు గోడపై సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని పెచ్చులూడుతుంది. కరెంటు తీగలకోసం గోడ చెక్కితే పాత పూత పోతుంది. ఇటువంటి చోట కొత్త అమరికలు గోడకు అంటకుండా, అవసరమైతే తీసేయగలిగేలా ఉండాలన్నది సంరక్షణ రంగంలో స్థిరపడిన సూత్రం. 2022లో దోమకొండ కోటకు యునెస్కో ఆసియా పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో అవార్డ్ ఆఫ్ మెరిట్ దక్కింది.